సస్పెన్షన్‌లో ఫర్నేస్

మా ఇంటి ఫర్నేస్‌కి షోకాజ్ మెమో రాసింది నేనే. ముసాయిదా చదివి డైరెక్టర్ గారు "భాష పదునుగా ఉందయ్యా" అని మెచ్చుకున్నారు కూడా. నా సర్వీసు మొత్తంలో ఆయన మెచ్చుకున్న ముసాయిదా అదొక్కటే. అందుకని ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవాలని నాకు కాస్త ఉబలాటంగా ఉంది.

ఫర్నేస్ అనగానే ఉక్కు కర్మాగారాన్ని తలుచుకోకండి. ఇది ఇంట్లో పెట్టుకునేది, బీరువా అంత ఉంటుంది. లోపల గ్యాస్ మండుతుంది. ఆ వేడికి గాలి వెచ్చబడి గదుల్లోకి వస్తుంది. మండగా మిగిలిన పొగ వేరే గొట్టం గుండా గోడ అవతలికి పోతుంది. చలి దేశాల్లో ఇంటింటికీ ఉంటుందట. మన రాష్ట్రంలో ఇదెవరికి కావాలి అంటే, చల్లకొండ మీద ఉన్న మా పర్వత ప్రాంత సమన్వయ సంస్థకి కావాలి. మా సంస్థ దేనితో దేన్ని సమన్వయం చేస్తుందో నాకు తెలియదు. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్‌ని, నాకు తెలియనక్కర్లేదు. ఇక్కడి చలి మాత్రం బాగా తెలుసు. మార్గశిరం వచ్చిందంటే కొబ్బరినూనె సీసాలోంచి పుల్లతో తవ్వి తీసుకోవాలి. ఫైళ్ల మీద సంతకాలు వణుకుతాయి. ఆ వణుకు చూసిన ఆడిట్ వాళ్లు ఒకసారి ఫోర్జరీ అని రాసి వెళ్లారు. ఆ దెబ్బతోనే "వెచ్చని ఉద్యోగి, చురుకైన పాలన" అనే పథకం వచ్చింది, క్వార్టర్లన్నిటికీ ఫర్నేసులు వచ్చాయి.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ పథకం మీద భక్తి కుదిరింది. ఎందుకంటే మా ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడు. నెల తక్కువలో పుట్టాడు, అరచేతిలో పట్టేటంత. గది ఎప్పుడూ వెచ్చగా ఉండాలని, కుసుమకి కుట్లు మానేదాకా ఘాట్ రోడ్డు ప్రయాణం పనికిరాదని కింద ఆస్పత్రిలో డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. కుసుమ నా భార్య. తనని పుట్టింటికి పంపే వీలు లేక మా అత్తగారు సూరీడమ్మగారే బొబ్బిలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ అక్కడ జాకెట్లు కుడతారు. పెళ్లిళ్ల రోజుల్లో కూడా పని వదిలేసి, కత్తెరా టేపూ సంచిలో వేసుకుని, మనవడి కోసం కొండెక్కారు.

ఇలా ఉండగా మా సంస్థని "శూన్య లోప సంస్థ" పురస్కారానికి పరిశీలిస్తున్నామని, కమిషనర్ గారు స్వయంగా తనిఖీకి వస్తారని కబురొచ్చింది. డైరెక్టర్ త్రివిక్రమరావు గారు వెంటనే సమావేశం పెట్టి, ఆ పూట నుంచి సంస్థలో ఏ లోపమూ లేదని తీర్మానం చేయించారు. అటెండర్ ఒకడు ఫ్యాను తిరగడం లేదని గుర్తు చేస్తే, "తీర్మానం అయ్యాక చెబుతావేమయ్యా" అని కోప్పడ్డారు. స్వాగత సన్నాహంగా గేటు పక్కనున్న మొదటి క్వార్టర్ గోడ నిండా కమిషనర్ గారి ముఖంతో పెద్ద ఫ్లెక్సీ ఇనప చట్రంలో బిగించి కట్టించారు. ఆ మొదటి క్వార్టర్ మాదే.

మర్నాడు పొద్దున్నే ఫర్నేస్ ఆగిపోయింది. దాని మీదున్న ఎర్రలైటు మూడుసార్లు మిణికి, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు మిణికింది. కుసుమ గోడ పట్టుకుని లేచి వెళ్లి, ఫర్నేస్ తలుపు లోపలివైపు అంటించిన కాగితం చదివింది.

"ఏమండీ, మూడుసార్లు మిణికితే పొగ బయటికి పోవడం లేదని అర్థమట. అందుకే తనంతట తను ఆగిపోయింది. స్విచ్ ఆపి, గ్యాస్ వాల్వ్ కట్టేసి, బయట గొట్టానికి ఏదైనా అడ్డం ఉందేమో చూడమంటోంది. అడ్డం తీశాక ఒక్కసారి వేసి చూడొచ్చు. మళ్లీ మిణికితే మెకానిక్‌ని పిలవాలి. లోపల మాత్రం మనం చెయ్యి పెట్టకూడదు."

స్విచ్ ఆపాను, వాల్వ్ కట్టేశాను. బయటికి వెళ్లి చూశాను. మిగతా క్వార్టర్లన్నిటికీ పొగ గొట్టం పెరటివైపు ఉంటుంది. మాది మూల ఇల్లు కావడంతో రోడ్డు వైపు పెట్టారు. ఆ గొట్టం మూతి మీద ఇప్పుడు కమిషనర్ గారు బిగుతుగా నవ్వుతున్నారు.

మా అత్తగారు కూడా వెనకే వచ్చి చూశారు. "ఈ బొమ్మ కాస్త పక్కకి లాగితే సరిపోద్ది కాదేటి బాబూ?"

ఆవిడకి ప్రోటోకాల్ తెలియదు. పై అధికారి ముఖాన్ని, ఆయన ఇంకా చూడకముందే, సూపరింటెండెంట్ స్థాయి ఉద్యోగి పక్కకి లాగడం ఎంత మాటో ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అలాగేటి" అని లోపలికి వెళ్లి బిడ్డని చీర కొంగులో చుట్టి గుండెలకి హత్తుకుని, పైన రగ్గు కప్పుకుని కూర్చున్నారు.

నేను ఎస్టేట్ ఆఫీసర్ గుణశేఖర్ గారి దగ్గరికి వెళ్లాను. క్వార్టర్లకి సంబంధించిన ఏ బాధయినా ఆయనకే చెప్పుకోవాలి. అంతా విని ఆయన, "లైటు మిణుకుతోందా? నల్ల స్టిక్కర్ ఒకటి ఇస్తాను, అంటించుకోండి" అన్నారు.

"సార్, వేడి రావడం లేదు."

"అది వేరే సబ్జెక్టు. రెండూ ఒకే అర్జీలో కలపకూడదు."

పోనీ మెకానిక్‌ని పిలిపించండి అన్నాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డారు. మెకానిక్‌ని పిలవాలంటే లోపం ఉందని రాయాలి. లోపం లేదని తీర్మానం ఉంది. తీర్మానం ఉండగా మెకానిక్ గేటు దాటితే అతను ఏ పని మీద వచ్చినట్టు? పని లేని మనిషిని లోపలికి రానివ్వకూడదని భద్రతా నియమం. ఇలా ఒక్కో మెట్టూ ఆయన నా వేలు పట్టుకుని ఎక్కించారు. ఎక్కాక చూస్తే ఎక్కడా తప్పు కనపడలేదు.

"పక్కింటి వాళ్లు బిడ్డని వాళ్లింట్లో ఉంచుకుంటామంటున్నారు సార్."

"సబ్‌లెట్టింగ్ అవుతుంది. తనిఖీ ముందు వద్దు."

కరెంటు హీటర్ తెచ్చి పెడితే మా వీధి మొత్తానికి కరెంటు పోయింది. మా అత్తగారు కుంపటి రాజేసి గదిలో పెడతానన్నారు. కుసుమ ససేమిరా ఒప్పుకోలేదు.

"తలుపులేసిన గదిలో బొగ్గులు వద్దమ్మా. ఆ గాలి కంటికి కనపడదు, వాసనా రాదు. నిద్దట్లోనే మనుషుల్ని తీసుకుపోతుంది. ఈ మిషనైనా ఆ భయంతోనే కదా ఆగిపోయింది."

"అయితే దీనికున్న గ్యానం మీ ఆపీసులో ఎవులికీ లేదన్నమాట" అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా. నేను విననట్టు నటించాను.

మధ్యాహ్నానికి డైరెక్టర్ గారి నుంచి పిలుపొచ్చింది. ఆయన ముఖం జేవురించి ఉంది. గుణశేఖర్ గారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆ ఫర్నేస్ ఎవరి ఆస్తయ్యా?"

"సంస్థ ఆస్తి సార్."

"సంస్థలో లోపం ఏదైనా ఉంటే, ఉందని కాదు, ఉంటే, ఎవరికి నివేదించాలి? ఎస్టేట్ ఆఫీసర్‌కి. ఆయన నాకు. నేను కమిషనరేట్‌కి. త్రూ ప్రాపర్ ఛానల్! ఇదేం చేసింది? నేరుగా నీ భార్యకి నివేదించింది!"

ఆ కోణంలో నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. పైగా ముందస్తు అనుమతి లేకుండా పని ఆపింది. సెలవు చీటీ లేదు. ఒక గుమాస్తా ఇదే పని చేస్తే ఊరుకుంటామా? జీపు చేసినా ఊరుకోం, టైపు మిషను చేసినా ఊరుకోం అని ఉదాహరణలు చూపించి, డైరెక్టర్ గారు మెమోకి ఆదేశించారు. ఎస్టాబ్లిష్‌మెంట్ వ్యవహారం కనక నేనే రాయాలి.

రాశాను. "క్వార్టర్ నంబరు ఒకటి యందు విధులు నిర్వహించుచున్న ఫర్నేస్‌నకు తెలియజేయునదేమనగా, పై అధికారుల అనుమతి లేకయే విధులకు గైర్హాజరగుటయే గాక, సంస్థ అంతర్గత వ్యవహారములను ఎర్రదీపము ద్వారా అనధికారులకు బహిర్గతపరచిన కారణమున, నీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలసినది." చదువుకుంటుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. ఆ గగుర్పాటుకీ చలికీ సంబంధం లేదు.

మెమో పుచ్చుకున్నట్టు ఫర్నేస్ సంతకం చేయలేదు కాబట్టి, నియమం ప్రకారం దాని మీదే అంటించి సాక్షి సంతకం అడిగారు. సాక్షి మా అత్తగారు.

"ఇనప బీరువాకి సీటీ రాయడమేటి బాబూ? దానికి సదువొచ్చేటి?"

"అది మా పరిధిలోకి రాదండి," అన్నారు గుణశేఖర్ గారు. "విద్యార్హతలు కొనుగోలు విభాగం చూసుకుంటుంది."

జవాబు కోసం మర్నాడు డైరెక్టర్ గారు, గుణశేఖర్ గారు మా ఇంటికే వచ్చారు. కాగితంలో ఉన్న ప్రకారం అడ్డం తీయకుండా మళ్లీ మళ్లీ వేయకూడదని కుసుమ చెప్పింది. సహజ న్యాయసూత్రాల ప్రకారం వివరణకి అవకాశం ఇవ్వకపోతే కేసు నిలబడదని డైరెక్టర్ గారు చెప్పారు. కిటికీలన్నీ తెరిస్తే ఒకే ఒక్కసారికి ఒప్పుకుంటానని కుసుమ అంది. కిటికీలు తెరిచారు, ఉన్న కాస్త వెచ్చదనమూ పోయింది. ఫర్నేస్ ఒకసారి గుర్రుమని, అంటుకోకుండానే ఆగిపోయి, మూడుసార్లు మిణికింది. కుసుమ వెంటనే వాల్వ్ కట్టేసింది.

"ఏమంటోంది?" అన్నారు డైరెక్టర్ గారు.

గుణశేఖర్ గారు గొంతు సవరించుకున్నారు. "మొదటి మెరుపు, నేరాంగీకారం సార్. రెండోది, మళ్లీ చేస్తాననే ధిక్కారం."

"మూడోది?"

"మూడోది తమరి గురించి సార్. నోటితో చెప్పేది కాదు."

ఆ పూటే సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. అదీ నా చేతివ్రాతే. సస్పెన్షన్ కాలంలో ఫర్నేస్ హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లరాదు. అది గోడకి బోల్టులతో బిగించి ఉంది కనక ఆ షరతుకి లోటు రాలేదు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి. ఆ లెక్కన దీనికి సగం గ్యాస్ ఇవ్వాలి. గుణశేఖర్ గారు వాల్వ్ సగం తిప్పడానికి వచ్చారు.

"వాల్వ్ కట్టేసి ఉంది, కట్టేసే ఉంటుంది," అంది కుసుమ.

"భృతి నిరాకరిస్తే రేపు కోర్టులో మనం నిలబడలేమమ్మా."

"ఇల్లు అంటుకుంటే మాత్రం నిలబడతామా?"

ఆయన ఆలోచించి, సగం గ్యాస్ మంజూరు చేయడమైనది, ఫర్నేస్ స్వీకరించలేదు అని రాసుకుని వెళ్లారు. కుసుమ ఆ మధ్యాహ్నమంతా వాల్వ్ దగ్గరే పీట వేసుకుని కూర్చుంది.

ఇంతవరకూ నేను కూడా కాస్త సరదాగానే చెప్పాను. కానీ ఆ సాయంత్రం బిడ్డ పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. అత్తగారు అరచేతులతో రుద్దుతూనే ఉన్నారు, పాలు పట్టినా చప్పరించకుండా వదిలేస్తున్నాడు. ఏడుపు కూడా సన్నబడిపోయింది. మెమోలో నేను పెట్టిన ఒక్కో సంధీ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

తనిఖీ రోజు తెల్లవారుతుండగానే గుణశేఖర్ గారు ఎలక్ట్రీషియన్‌ని వెంటేసుకుని వచ్చారు. ఆయన చేతిలో ఒక కాగితం, ఎలక్ట్రీషియన్ చేతిలో వైరు ముక్క.

"శుభవార్త! సస్పెన్షన్ తాత్కాలికంగా ఎత్తేశాం. కమిషనర్ గారు మొదటి క్వార్టర్‌లోకి వచ్చి వెచ్చదనాన్ని స్వయంగా అనుభూతి చెందుతారు. కాబట్టి ఫర్నేస్ నడవాలి. పొగ గొట్టం దగ్గర ఒక చిన్న స్విచ్ ఉందట, అదే అడ్డుపుల్ల వేస్తోంది. దాని వైర్లు రెండూ కలిపేస్తే ఇక మారు మాట్లాడదు. మీరు అభ్యంతరం లేదని సంతకం చేస్తే చాలు."

"అది కలిపితే పొగ ఎటు పోతుంది సార్?" అన్నాను.

"పొగ విషయం పైకి రాశాం. సమాధానం రావాలి."

"అది వచ్చేలోపు?"

"అంతవరకూ యథాతథ స్థితి."

యథాతథ స్థితి అంటే పొగ మా గదుల్లోనే ఉంటుందన్నమాట. కుసుమ లేచి వచ్చి ఫర్నేస్ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కుట్ల నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. ఎలక్ట్రీషియన్ వైరు ముక్కని జేబులో పెట్టుకుని, నన్ను చూస్తూ నిలబడ్డాడు. నా చేతిలో పెన్ను ఉంది. నా ఉద్యోగ జీవితంలో నా ముందుకొచ్చిన ఏ కాగితాన్నీ సంతకం లేకుండా వెనక్కి పంపలేదు. లోపలి గదిలోంచి బిడ్డ ఏడుపు, ఏడుపు కూడా కాదు, ఒక మూలుగు వినిపించింది.

పెన్నుకి క్యాప్ పెట్టేశాను.

"చేయనండీ. నాకు అభ్యంతరం ఉంది," అన్నాను. గుణశేఖర్ గారు నమ్మలేక, కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "అభ్యంతరం ఉంది అని రాయడానికి ఇందులో చోటే లేదే" అన్నారు. ఆ సమస్య మీద డైరెక్టర్ గారిని సంప్రదించడానికి ఎలక్ట్రీషియన్‌నీ వెంటేసుకుని పరుగున వెళ్లారు.

అప్పుడే మా అత్తగారు బిడ్డని కుసుమ చేతికిచ్చి, సంచిలోంచి కత్తెర తీశారు.

"బాబూ, ఆ స్టూలు ఇలా తెండి. బేగి."

నేను స్టూలు తెచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు చూస్తుండగా, కమిషనర్ గారి ముఖం కింద స్టూలు వేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఎక్కి, ఫ్లెక్సీ మీద అరచెయ్యి పెట్టి తడిమి, లోపల గొట్టం ఎక్కడుందో పట్టుకున్నారు. సరిగ్గా నోటి దగ్గర. టేపు వేసి కొలిచారు.

"గుండ్రంగా కొయ్యనా, నలుచదరంగానా?"

"గుండ్రంగానే కొయ్యండి. కాస్త పెద్దగా."

"ఇరుగ్గా ఉంటే ఊపిరాడదు, తెలుసు," అంటూ ఆవిడ జాకెట్టు మెడ కోసినట్టు నవ్వు మొత్తం కోసి తీసేశారు. అంచు మళ్లీ మూతికి అడ్డం రాకుండా సూదీదారంతో చుట్టూ మడిచి కుట్టేశారు. గొట్టం మూతి బయటపడింది. నేను చెయ్యి పెట్టి చూశాను, ఏ అడ్డమూ లేదు.

లోపల కుసుమ కాగితంలో ఉన్నది ఒక్కొక్కటే చదువుకుంటూ వాల్వ్ తెరిచి, స్విచ్ వేసింది. ఫర్నేస్ గుర్రుమంది, ఆగలేదు. లోపల నీలిమంట అంటుకుంది. ఎర్రలైటు మిణకలేదు. కాసేపటికి గదిలోకి వెచ్చటి గాలి వచ్చి నా చెంపకి తగిలింది. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, దాచుకోలేదు. బిడ్డ పాదాలు ఎర్రబడ్డాయి. రెండు గుటకలు పాలు తాగి, కుసుమ భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు.

సరిగ్గా అప్పుడు కమిషనర్ గారి కారు గేటు దాటింది.

కిటికీలోంచి చూస్తున్నాను. కారు మా ఇంటి ముందే ఆగింది. కమిషనర్ గారు దిగి, తన ముఖాన్ని చూసుకుని, అలాగే నిలబడిపోయారు. గోడ మీది కమిషనర్ గారు నోరు గుండ్రంగా తెరిచి, చలిగాలిలోకి తెల్లటి ఆవిరి గుప్పుగుప్పున వదులుతున్నారు. డైరెక్టర్ గారు ఒకడుగు వెనక్కి వేశారు. గుణశేఖర్ గారు ఆయన వెనక్కి నక్కారు.

"త్రివిక్రమరావు గారూ, నా నోట్లోంచి వచ్చేది ఏమిటది?"

మా డైరెక్టర్ గారిని నేను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశానని ఒప్పుకోక తప్పదు. ఆయన తేరుకోవడానికి ఒక్క గుటక పట్టింది, అంతే.

"వెచ్చదనం సార్. ఈ పథకంలోని ప్రతి డిగ్రీ వెచ్చదనమూ తమ ముఖతః ఉద్యోగులకు అందుతోందని సూచించడానికి, చిన్న ఏర్పాటు."

కమిషనర్ గారు ఆ ఆవిరిని చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో బిగువు మెల్లగా సడలింది. "జీవకళ ఉంది," అన్నారు. పక్కన నిలబడి ఫొటో దిగారు. అన్ని సంస్థల్లోనూ ఇదే నమూనా అనుసరించాలన్నారు. దానితో మా వాళ్లందరికీ ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. చప్పట్లు మిన్నుముట్టాయి, స్వాగతానికి తెచ్చిన బ్యాండువాడు డప్పు మీద ఒక దరువు వేశాడు.

దడాలున మా ముందు గది కిటికీ తెరుచుకుంది. మా అత్తగారు సగం వరకూ బయటికి వంగారు, చేతిలో ఇంకా కత్తెర ఉంది.

"ఓలమ్మో, ఏటా గోల! గుంటడు ఇప్పుడే కునుకు తీశాడు. మూడు రోజులై కన్నంటుకోలేదు ఆడికి. నోర్మూసుకుని అవతలకి ఎల్లండి అందరూ!"

కమిషనర్ గారి చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి. బ్యాండువాడు డప్పుని పొట్టకి హత్తుకున్నాడు. ఎవరూ పైకి రాయలేదు, ఎవరూ వివరణ అడగలేదు. కమిషనర్ గారు బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ల మీద ముందు నడిచారు, ఆయన వెనక సంస్థ మొత్తం అలాగే నడిచింది. డైరెక్టర్ గారు మా గుమ్మం దాటుతూ ఒక్క క్షణం ఆగి, అక్కడికొచ్చి నిలబడ్డ నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగారు.

"ఆవిడ ఏ కేడరయ్యా?"

"అమ్మమ్మ సార్," అన్నాను, నేనూ గుసగుసగానే.